దుపట్టా ఊగే కంప్యూటర్

రెండు వేల ఏడో సంవత్సరం, ఆగస్టు నెల. లాల్‌దర్వాజా సందుల్లో ఫణికుమార్ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో, నాలుగో నంబరు కంప్యూటర్ ముందు కూర్చున్న కళావతి ఉన్నట్టుండి రెండు చేతులతో కళ్లు మూసుకుంది. తెరమీద యాభై మంది నిలబడి ఉన్నారు. ఒక్కరి ఒంటిమీద కూడా నూలుపోగు లేదు.

"ఓ ఫణీ! జల్ది రా! గిదేందయ్యా, అందరు గిట్ల నిలబడ్డరు?"

ఫణి కౌంటర్ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. తెర చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"భయపడకక్కా. వాళ్లంతా శుభ్రంగా బట్టలు వేసుకునే వచ్చారు. మన కంప్యూటరే ఆ బట్టల్ని చూపించలేకపోతోంది. అంతమంది ఒక్కచోట చేరేసరికి దీనికి ఊపిరాడటం లేదు."

కళావతి వేళ్ల సందుల్లోంచి చూసింది. నిజమే, వాళ్లు మనుషుల్లా లేరు. రంగు వెయ్యని సిమెంటు బొమ్మల్లా బూడిద రంగులో, ముక్కూ మొహం తేలకుండా ఉన్నారు. మౌసు కదిపింది. తెరమీద ఆమె నడిపే బొమ్మ కదల్లేదు. మళ్లీ కదిపింది. కాసేపటికి తెర మొత్తం నీలంగా మారి, దానిమీద తెల్లటి అక్షరాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆ అక్షరాల అర్థం ఆమెకు తెలియదు గానీ, కథ ముగిసిందని మాత్రం తెలిసింది.

"ఫణీ, నెల దిరిగేలోపల రోసా పెండ్లి. ఆ పిల్ల పెండ్లికి గూడ గింతమంది వస్తరు. అప్పుడు గిట్లనే అయితే నా గతేంది?"

ఫణి కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకున్నాడు.

కళావతి దర్జీ. జహనుమాలో రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, గోడకు రంగురంగుల దారం రీళ్లు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఇరవై ఏళ్లు ఆ గదిలోనే గడిచాయి. చర్చిలో పెళ్లిళ్లకు తెల్ల గౌన్లు కుడుతుంది, బతుకమ్మకు పట్టు లంగాలు కుడుతుంది. కానీ ఆమె పేరు షాలిబండ దాటి వినిపించింది మాత్రం ఖడా దుపట్టా వల్ల. హైదరాబాద్ ముస్లిం పెళ్లికూతుళ్లు నిఖా రోజున వేసుకునే జోడు అది. లోపల చూడీదార్, పైన కుర్తా, ఆ పైన భుజాల మీదుగా చుట్టి నిలబెట్టే ఆరు గజాల దుపట్టా, దాని అంచున మెరిసే గోటా జరీపట్టీ. ఆ దుపట్టాను పెళ్లికూతురు నడిస్తే నీళ్లలా జారేటట్టు, కూర్చుంటే చెదరకుండా ఉండేటట్టు నిలబెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. కళావతికి చేతనవును.

తొమ్మిది నెలల కిందట ఒక పెళ్లివారు మెడ డిజైను ఇంటర్నెట్‌లో చూసి కుట్టమంటే, దాన్ని ప్రింటు తీయించుకోవడానికి ఆమె ఫణి సెంటర్‌కు వెళ్లింది. ఫణి వాళ్ల నాన్న ఏలూరు నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి లాల్‌దర్వాజాలో స్థిరపడ్డ మనిషి. ఫణి పుట్టి పెరిగింది ఇక్కడే. గిరాకీ లేనప్పుడు అతను 'లూమినా' అనే లోకంలో తిరుగుతుంటాడు. కంప్యూటర్‌లోనే ఉండే లోకం అది. సముద్రాలు, వంతెనలు, అంగళ్లు, పూలతోటలు అన్నీ ఉంటాయి. ప్రపంచంలోని నలుమూలల నుంచీ మనుషులు తలా ఒక బొమ్మ రూపంలో అందులో నడుస్తారు, కబుర్లు చెప్పుకుంటారు, ఇళ్లు కట్టుకుంటారు. ఆరోజు ప్రింటరు మొరాయించడంతో కళావతి ఫణి పక్కన కూర్చుని ఆ లోకాన్ని చూసింది. ఆమెకు సముద్రం పట్టలేదు, వంతెనలూ పట్టలేదు.

"గీ పిల్ల జాకెట్టు చంక కాడ అతుకు కలవలేదు" అంది.

ఫణి ఆశ్చర్యపోయాడు. ఆ లోకంలో బట్టలు కుట్టేవాళ్లందరికీ అదే పెద్ద చిక్కట. బొమ్మ శరీరాన్ని ముందూ వెనకా విడదీసి, బల్లపరుపుగా పరిచిన చిత్రం మీద బట్ట గీయాలి. పక్క కుట్టు దగ్గర ముందు గీతా వెనక గీతా కలవక జనం నెలల తరబడి తంటాలు పడతారట. అతను ఆ చిత్రం తెరమీద పెట్టి చూపిస్తే కళావతి ఫక్కున నవ్వింది. అది ఆమె రోజూ బ్రౌను కాగితం మీద గీసే కటింగే. కొలత మారినా లెక్క మారలేదు. ఆ మధ్యాహ్నమే, మౌసు పట్టుకోవడం కూడా సరిగా రాని చేత్తో, మొదటి కుర్తా గీసింది. పక్క కుట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది.

అప్పట్నుంచి రోజూ రెండింటికి బండెడు పని పక్కన పెట్టి లాల్‌దర్వాజా చేరేది. తొమ్మిది నెలల్లో పదకొండు జతలు చేసింది. వాటిలో ఒక కుర్తా పోర్చుగల్ దేశంలో ఉండే రోసా అనే అమ్మాయి కొనుక్కుంది. లూమినాలోనే పరిచయమైన అబ్బాయితో ఆ అమ్మాయికి ఆ లోకంలోనే పెళ్లి నిశ్చయమైంది. తర్వాత నిజంగానూ చేసుకుంటారట. కళావతి గీసిన ఖడా దుపట్టా చిత్తుబొమ్మ చూసిన రోసా, పెళ్లికి అదే కావాలని పట్టుబట్టింది. దుపట్టాను పల్చటి పలకలుగా చేసి, గాలికి ఊగేలా ఒకదానికొకటి అతకాలి. పెళ్లి జరుగుతున్నంతసేపూ దర్జీ దగ్గరుండి, పెళ్లికూతురు లేచినా కూర్చున్నా సర్దుతూ ఉండాలి. నిజం పెళ్లిలో కళావతి చేసే పనే అది.

కానీ దర్జీకి బట్టే కనపడకపోతే?

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే డానియేలుతో సంగతి చెప్పింది. ఆమె భర్త డానియేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. టీ తాగుతూ అంతా విన్నాడు.

"అయితే ఇప్పుడేమంటవ్?"

"సొంతానికి ఒక కంప్యూటర్ కొంటనంటున్న. ఎంబ్రాయిడరీ మిషన్‌కని దాచిన పద్దెనిమిది వేలున్నయి గద."

"పిచ్చా నీకు? ఆ మిషన్ కోసం రెండేండ్ల సంది సూస్తున్నవ్. గిప్పుడు బొమ్మలకు బట్టలు గుట్టనీకె ఖర్చువెడ్తవా?"

"బొమ్మలు గాదయ్యా. ఒక్కొక్క బొమ్మ ఎనుక ఒక్కొక్క మనిషున్నడు. నువ్వొక్కసారి వచ్చి సూడు. నచ్చకపోతే అడగనే అడగ."

వారపు సెలవు రోజు డానియేలు వచ్చి చూశాడు. ఫణి అతన్ని లూమినాలో ఊరంతా తిప్పాడు. డానియేలు ముఖం చిట్లించుకుని చూస్తూ కూర్చున్నాడు గానీ, ఒక వీధిలో బస్సు కనపడగానే కుర్చీ ముందుకు జరిపాడు.

"ఆపు ఆపు. టైర్లు దిరుగుతలేవు. బస్సు జారుతున్నది, నడుస్తలేదు. ఎవడు చేసిండు గిది?"

"ఎవరో కెనడా ఆయన, అన్నా."

"జెర చెప్పు ఆయనకు. బస్సంటే టైర్లు దిరగాలె."

ఫణి ఆ మాట ఇంగ్లీషులో రాసి పంపాడు. రెండు నిమిషాల్లో ఆ కెనడా మనిషి నుంచి జవాబొచ్చింది. థాంక్స్ అట, వచ్చేవారం తిప్పుతాడట, బ్రేకుల గురించి కూడా ఏమైనా చెబుతారా అట. డానియేలు ఆ జవాబును ఫణితో రెండుసార్లు చదివించుకున్నాడు. బయటికొచ్చి గల్లీ మలుపు తిరిగాడు. అప్పుడన్నాడు.

"కొందాం గానీ, ఒక్క మాట. బాడీ సూసి కొనొద్దు. ఇంజన్ సూసి కొనాలె."

ఆ శనివారం ముగ్గురూ బయల్దేరారు. లూమినా ప్రోగ్రామును ఫణి ఒక సీడీలో ఎక్కించి తెచ్చాడు. ఏ కంప్యూటర్ కొనాలన్నా ముందు దాంట్లో అది నడిపి చూపించాల్సిందే అని దారిలో కళావతి ఖరాఖండిగా చెప్పింది. కళావతికి రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. కొత్త బట్టల కోసం ఎదురుచూసే పిల్లలా తెల్లారుజామునే లేచి కూర్చుంది.

మొదట వెళ్లింది ఒక పెద్ద షోరూము. ఏసీ చల్లగా కొట్టింది. నల్లగా నిగనిగలాడే కంప్యూటర్, పలక లాంటి పల్చటి తెర. టై కట్టుకున్న అబ్బాయి గడగడా చెప్పుకుపోయాడు. హార్డ్ డిస్కు ఇంత, ప్రాసెసర్ అంత, సినిమాలు, పాటలు, గేములు ఏవైనా ఆడతాయి. వాయిదాల పద్ధతి కూడా ఉంది.

"మంచిగున్నది బాబూ. గీ సీడీ వెయ్యి" అంది కళావతి.

"అట్ల బయట సీడీలు వెయ్యం మేడం."

"నేను బట్ట కొన్నా నీళ్లల్ల ముంచి సూసి కొంట. రంగు దిగుతదా, ముడుసుకుంటదా అని. గిది నాకు గాదు, దీంట్ల నడిచే లోకానికి కొంటున్న. ఆ లోకం నడవకపోతే గీ డబ్బా నేనేం చేసుకోను?"

అబ్బాయి మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ కళావతి మొహం చూసి తలూపాడు.

లూమినా తెరుచుకుంది. ఆకాశం ముక్కలు ముక్కలుగా వచ్చింది. సముద్రం రాలేదు, దాని చోట నల్లటి గచ్చు కనిపించింది. కళావతి తన బొమ్మను నడిపించింది. అది ఒక అడుగు వేసి, ఆలోచించుకుని, మరో అడుగు వేసింది. ఫణి ఏవేవో కిటికీలు తెరిచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"దీంట్లో బొమ్మలు గీయడానికి వేరే కార్డు లేదక్కా. మదర్‌బోర్డులోనే సరిపెట్టేశారు. బొమ్మలకు సొంత మెమరీ లేదు, కంప్యూటర్ మెమరీలోంచే చేదుకుంటోంది. అంటే ఒకే కుళాయికి రెండు ఇళ్లన్నమాట. లెక్కలు రాసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. లూమినాకు పనికిరాదు."

"అంటే కొత్త బస్సుకు ఆటో ఇంజన్ వెట్టిన్రు" అన్నాడు డానియేలు.

టై అబ్బాయికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

రెండోది విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చే చిన్న కొట్టు. అక్కడ భిక్షపతి అనే ఆయన అడిగిన వెంటనే వేరే గ్రాఫిక్స్ కార్డు బిగించి చూపించాడు. లూమినా బాగానే నడిచింది. సముద్రం వచ్చింది. కానీ ఆ కార్డు, దానికి తగ్గ మెమరీ, ప్రాసెసర్, మానిటర్ అన్నీ కలిపి భిక్షపతి చెప్పిన ధర ఆమె దగ్గరున్నదానికి రెట్టింపు. తగ్గించి చెప్పమంటే, ఆయన చిన్న కార్డు పెట్టి చూపించాడు. సముద్రం మళ్లీ మాయమైంది.

"తప్పు నాది గాదమ్మా. నువ్వడిగేది చిన్నది గాదు" అన్నాడు ఆయన జాలిగా. "ఒక మాట చెప్పనా? కొత్తదే గావాలని లేకుంటే, పెండ్లి వీడియోలు దీసేటోళ్లను అడుగున్రి. మిక్సింగ్ చేస్తరు గద, ఆళ్లకు దమ్మున్న మిషన్లు గావాలె. రెండేండ్లకోసారి మారుస్తరు. హుస్సేనీ ఆలంల రామలింగం అని ఉన్నడు, మొన్న కొత్తది కొన్నడు నా తాననే. పాతది ఇంకా ఆడ్నే ఉండాలె."

వచ్చిన గిరాకీని ఇంకొకరికి చూపించిన ఆ మనిషికి కళావతి రెండు చేతులూ జోడించింది.

రామలింగం స్టూడియో హుస్సేనీ ఆలంలో, పరుపులూ రజాయిలూ కుట్టే కొట్టు పైన ఉంది. ఇరుకు మెట్లు ఎక్కుతుంటే కింద దూది ఏకుతున్న చప్పుడు. రామలింగం యాభై ఏళ్ల నెమ్మదస్తుడు. పాత కంప్యూటర్‌ను మూలలోంచి లాగి బల్లమీద పెట్టాడు. చూడ్డానికి అది ఏమీ బాగోలేదు. డబ్బాకు ఒక పక్క రేకు లేదు. మానిటర్ పాత గాజు బుడగ రకం, బస్తా అంత బరువు. దానిమీద దేవుడి బొమ్మ స్టిక్కరు సగం ఊడి ఉంది.

"సూడనీకె గిట్లున్నది గానీ చెల్లె, మస్తు పనిచేసింది నాకు. పన్నెండు వేలియ్యి, సాలు" అన్నాడు.

ఫణి లోపలికి తొంగిచూసి, కళావతి మోచేతిని గట్టిగా నొక్కాడు. "అక్కా, కార్డు చూశావా? ఇది మామూలుది కాదు. రెండేళ్ల కిందటిదే అయినా ఇవాళ్టి చిన్న కార్డులు దీని ముందు నిలవవు."

సీడీ పెట్టారు. స్టూడియోలో నెట్ ఉంది. లూమినా తెరుచుకుంది.

కళావతి మౌసు అందుకుంది.

ఆకాశం ఒక్కసారిగా వచ్చింది, అంచు నుంచి అంచు దాకా. సముద్రంలో అలలు లేచాయి, వాటిమీద ఎండ తునిగి తునిగి మెరిసింది. చెట్ల ఆకులు విడివిడిగా కదిలాయి. తొమ్మిది నెలలుగా తాను తిరుగుతున్న ఊళ్లో ఇన్ని కిటికీలు, ఇన్ని దీపాలు, ఇన్ని పూల కుండీలు ఉన్నాయని ఆమెకు ఆ నిమిషం దాకా తెలియదు. మౌసు నొక్కి, రోసా కోసం చేస్తున్న దుపట్టాను తన బొమ్మకు తొడిగింది. నడిపించింది.

దుపట్టా ఊగింది.

భుజం నుంచి మడమ దాకా ఒకే ఊపులో, నీళ్లలా. అంచున ఆమె చుక్క చుక్కగా గీసిన గోటా, అడుగు అడుగుకూ వెలుగు పట్టుకుని వదిలింది. నాలుగో నంబరు కంప్యూటర్‌లో అది కర్ర కట్టినట్టు నిలబడి ఉండేది. తన పనిని తానే మొదటిసారి చూసింది కళావతి.

"ఏమయ్యా! సూస్తున్నవా? ఊగుతున్నది! నిజంగ ఊగుతున్నది!"

డానియేలు చూస్తున్నాడు. రామలింగం కూడా కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "నా మిషన్ల గింత అందమున్నదని నాకే తెల్వదు చెల్లె" అన్నాడు.

ఆ సంబరం ఇరవై నిమిషాలు నడిచింది. ఇరవై ఒకటో నిమిషాన, ఠక్కుమని, కంప్యూటర్ ఆగిపోయింది. తెర నల్లబడింది.

రామలింగం తల దించుకున్నాడు. "దాచుడెందుకు, చెప్పేస్త. ఎక్కువ పనిజేస్తే గిట్లనే బందైతది. అందుకే తక్కువకిస్తున్న. పన్నెండు వేలకు ఎవరిస్తరు లేకపోతే?"

ఫణి నీరుకారిపోయాడు. "కార్డు పోయే దశలో ఉందేమో అక్కా. వద్దు. పెళ్లి మధ్యలో ఆగిపోతే మనమేం చెయ్యలేం."

కళావతి కుర్చీలోంచి లేవలేదు. "ఇంకొక్కసారి ఆన్ చెయ్యి" అంది. "ఎవ్వరు మాట్లాడొద్దు."

ఫణి ఆన్ చేశాడు. కింద దూది ఏకేవాళ్లు టీకి వెళ్లినట్టున్నారు, చప్పుడు లేదు. కళావతి డబ్బాకు చెవి ఆనించింది. లోపల ఒక ఫ్యాను తిరుగుతోంది. ఇంకోటి తిరగాలని చూస్తూ, గరగరమంటూ, ఆగి ఆగి మూలుగుతోంది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. కుట్టుమిషన్‌లో బట్టను ముందుకు తోసే పళ్ల కింద నూగు పేరుకుంటే, మిషన్ సరిగ్గా అలాగే మూలుగుతుంది.

"దీనికి రోగం లేదు. గొంతుల ఏదో ఇరికింది. ఆపి, ఆ కార్డు బయటికి తియ్యి."

ఫణి స్క్రూ విప్పి కార్డు తీశాడు. కార్డు మీదున్న చిన్న ఫ్యాను కింద, రేకుల మధ్య, తెల్లటి మెత్త ఒకటి అంగుళం మందాన అతుక్కుని ఉంది. కళావతి దాన్ని గోటితో లాగి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది దుమ్ము గాదు. దూది. కింద ఏకుతున్నరు గద, అది మెట్లెక్కి వచ్చి ఈడ కూసున్నది. పాపం, రెండేండ్ల సంది ఈ మిషన్ రజాయి కప్పుకొని పనిజేస్తున్నది!"

డానియేలు పకపకా నవ్వాడు. "రేడియేటర్ జామయింది, గంతే! బండి ఎందుకాగదు?"

సంచీలోంచి ఆమె మిషన్ తుడిచే సన్నటి బ్రష్షు తీసింది. ఒక్కొక్క రేకు సందునూ ఓపిగ్గా దువ్వింది. గుప్పెడు దూది రాలింది. ఫ్యాను ఇంకా బిగుసుకునే ఉంది. సంచీలో మిషన్ నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది. అది బయటికి రాగానే ఫణి బెదిరిపోయాడు.

"అక్కా, నూనె బోర్డు మీద పడిందంటే అంతే సంగతులు!"

"వెయ్యి పట్టు బట్టల మీద మిషన్ నడిపిన చెయ్యి ఇది. ఒక్క మరక వెయ్యలే ఇప్పటిదాంక."

సూది మొనను నూనెలో ముంచి, ఆ మొన మీద నిలిచిన ఆవగింజంత చుక్కను ఫ్యాను ఇరుసు మీద ఆనించింది. వేలితో తిప్పింది. మొదట భారంగా, తర్వాత తేలిగ్గా, ఆ తర్వాత వేలు తీసినా ఆగకుండా తిరిగింది.

కార్డు మళ్లీ బిగించి, లూమినా తెరిచారు. ఈసారి ఫణి, వెతికి వెతికి, జనం కిటకిటలాడే ఒక సంతలోకి తీసుకెళ్లాడు. డానియేలు డబ్బా వెనక చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు పదినిమిషాలకోసారి చూస్తూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. గంట గడిచింది. రామలింగం టీ తెప్పించాడు. రెండు గంటలు గడిచాయి. సంతలో అరవై మంది, అందరూ నిండుగా బట్టలు కట్టుకుని, తిరుగుతూనే ఉన్నారు.

"వెనుక కరెంటు డబ్బా ఒక్కటి ఎక్కువ కాలుతున్నది" అన్నాడు డానియేలు. "అది మాత్రం కొత్తది ఎయ్యాలె. మిగిలిందంత గట్టిగున్నది."

కళావతి రామలింగం వైపు తిరిగింది. "అన్నా, మిషన్ ఆగుతలేదు ఇప్పుడు. నీకు పనికొస్తే ఉంచుకో. లేదు, ధర పెంచుతనన్నా తప్పులేదు."

రామలింగం తెరవైపు చూశాడు. "నేనైతే దీన్ని తుక్కుకిద్దామనుకున్న. నీ చేతుల పడి మళ్ల బతికింది. చెప్పిన మాట చెప్పిందే. తీసుకపో."

ఆటోలో మానిటర్ కళావతి ఒళ్లో, డబ్బా డానియేలు ఒళ్లో, కీబోర్డు ఫణి చంకలో. షాలిబండ దగ్గర గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ముగ్గురూ ఒకేసారి "మెల్లగ, భాయ్!" అని అరిచారు. డ్రైవర్ వెనక్కి తిరిగి "బచ్చా హై క్యా అందర్?" అని, లోపల పసిబిడ్డ ఉందా అన్నట్టు అడిగాడు.

ఇంట్లో రెండు కుట్టుమిషన్లలో ఒకదాన్ని గోడవారగా జరిపి కంప్యూటర్‌కు చోటు చేశారు. ఫణి కొత్త కరెంటు డబ్బా బిగించాడు. డానియేలు, దూది రాకుండా, దోమతెర గుడ్డతో డబ్బాకు పక్క రేకు స్థానంలో జాలీ తయారుచేశాడు. దానికి అంచు కుట్టింది కళావతే. పెళ్లికి పదిరోజుల ముందు బ్రాడ్‌బ్యాండ్ లైను వచ్చింది. ఆ పదిరోజులూ ఆమె దుపట్టాను విప్పి మళ్లీ అతికింది. ఇప్పుడు కనిపిస్తోంది కదా, తప్పులూ కనిపించాయి. భుజం దగ్గర ఒక పలక లోపలికి దిగుతోంది. గోటా రంగు పసుపు ఎక్కువైంది. రోసాకు ఎలా ఉందని అడిగితే బాగుందనే చెప్పింది. కళావతి వినలేదు, మళ్లీ గీసింది.

పెళ్లి ఆదివారం సాయంత్రం ఐదింటికి. రోసా వాళ్ల ఊళ్లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. చర్చి నుంచి వచ్చి కళావతి పట్టుచీర మార్చలేదు, అలాగే కంప్యూటర్ ముందు కూర్చుంది. సంగతి ఎలా పొక్కిందో గానీ ముందు గది నిండిపోయింది. పక్కింటి బాలమ్మ పీట తెచ్చుకుని మరీ కూర్చుంది. ఎదురింటి మున్నీ చేతిపని వదిలేసి వచ్చింది. ఇంగ్లీషు రాయడానికి ఫణి స్టూలు మీద తయారుగా ఉన్నాడు.

సముద్రపు ఒడ్డున తెల్లటి పందిరి. అతిథులు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఇరవై, ముప్పై, నలభై ఐదు. గదిలో అందరి కళ్లూ తెరమీద, డానియేలు చెయ్యి మాత్రం డబ్బా వెనక. బూడిద బొమ్మలు లేవు. ఒక్కొక్కరి చొక్కా బొత్తాం కూడా లెక్కపెట్టేటట్టు కనిపిస్తోంది.

రోసా వచ్చింది. ఎర్రటి ఖడా దుపట్టా, ఇసుక మీద. నడిస్తే వెనక అల కదిలినట్టుంది. "అమ్మో, నిఖా పిల్ల లెక్కనే ఉన్నదిరా!" అంది బాలమ్మ. మున్నీ చప్పట్లు కొట్టింది. పెళ్లికొడుకు పక్కన రోసా కూర్చోగానే చిక్కొచ్చింది. దుపట్టా సగం కుర్చీలోంచి దూసుకుపోయి వెనక వైపు తేలింది. అతిథుల్లో గుసగుసలు అక్షరాలుగా మొదలయ్యాయి.

కళావతి అప్పటికే నడుస్తోంది. నలభై ఐదు మంది మధ్య నుంచి ఆమె బొమ్మ ఎక్కడా తడబడకుండా పందిరి ఎక్కింది. వెనక నిలబడి, ఏ పలకలు ఎంత జరపాలో ఫణికి చెబుతుంటే అతను రోసాకు అంకెలు పంపాడు. భుజం మీదిది రెండు వేళ్లు పైకి, నడుము దగ్గరిది ఒక వేలు ముందుకు. దుపట్టా కుర్చీ చేతిమీదుగా జారి, రోసా పాదాల దగ్గర ఒత్తుగా పరుచుకుంది. ఇరవై ఏళ్లలో ఎన్ని పెళ్లిపీటల మీద సర్దిందో అలాగే, చివరి మడత తేరిపార చూసి, వెనక్కి తప్పుకుంది.

ఉంగరాలు మార్చుకున్నారు. పైనుంచి పూలరేకులు కురిశాయి, వందలు, వేలు, ఒక్కొక్కటీ విడిగా గిరగిరా తిరుగుతూ. కంప్యూటర్ ఆగలేదు. రోసా లేచి నిలబడి ఏదో పొడుగ్గా రాసింది. ఫణి చదివి చెప్పాడు.

"ఈ బట్టలు కుట్టినావిడ హైదరాబాద్ అనే ఊళ్లో ఉంటారట. ఆవిడ ఇక్కడే ఉన్నారు, అందరూ పలకరించండి అంటోందక్కా."

నలభై ఐదు మందీ కళావతి బొమ్మ వైపు తిరిగారు. తెరమీద చప్పట్ల మోత. గదిలోనూ చప్పట్లు. కళావతికి కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఫణిని పక్కకు జరగమని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తనే రాసింది. థాంక్యూ. ఐ యాం కళావతి. ఆ రెండు ముక్కలకు ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. అవతల ఒక్కరూ కదల్లేదు.

అందరూ వెళ్లాక డానియేలు తలుపు దగ్గరగా వేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తెరమీద పెళ్లి పందిరి ఖాళీ అయింది. అలలు మాత్రం వస్తూ పోతూ ఉన్నాయి.

"కళా, నాక్కూడ ఒక మనిషిని చెయ్యి గీండ్ల."

ఆమె అతనివైపు తిరిగి చూసింది. అతను నవ్వులాటకు అనలేదు.

"చేస్త. ఏం దొడగాలె?"

"ఏదన్న సరే. ఆ కెనడా ఆయన బస్సుకు టైర్లు దిరుగుతున్నయా లేదా సూసి రావాలె."

కళావతి కుర్చీ దగ్గరికి లాక్కుంది. మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టి, అలవాటుగా, అతని భుజం కొలత కంటితోనే తీసుకుంది.